తాళాల గుత్తితో వచ్చిన పేషెంటు

ఇది ఎమర్జెన్సీ విభాగంలో డాక్టరుగా నేను చూసిన కేసు. పేషెంటు భార్య అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. గోదావరి జిల్లాల్లో ఒక ఊరి బస్టాండు, నవంబరు నెల, ఉదయం పూట అనుకుంటే చాలు.

ఉదయం 7:28కి 108 సిబ్బంది ఆయన్ని లోపలికి తెచ్చారు. వయసు 56, రైస్ మిల్లులో గుమస్తా. బస్టాండులో కుప్పకూలిపోయాడు. గుండె ఆగింది. అంబులెన్స్ టెక్నీషియన్ ఏఈడీతో, అంటే గుండెకి కరెంటు షాక్ ఇచ్చే యంత్రంతో, రెండు షాకులు ఇచ్చాక నాడి తిరిగి అందింది. స్పృహ లేదు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. మా సిస్టర్ పల్స్ ఆక్సీమీటర్ పెడదామని కుడిచేతి చూపుడు వేలు పట్టుకుంటే ఏదో అడ్డం తగిలింది. తాళాల గుత్తి. దాని రింగును ఎవరో ఉంగరంలా ఆయన వేలికి తొడిగారు. బైకు తాళంచెవి ఒకటి, చిన్న ఇత్తడి తాళంచెవి ఒకటి, వెంకన్న బొమ్మ ఉన్న బిళ్ల ఒకటి. రింగు బిగుసుకుపోయి వేలి మీద ఎర్రగా గీత పడింది. సబ్బునీళ్లు రాసి తీయాల్సి వచ్చింది.

పర్సు, ఫోనుతో పాటు ఆ గుత్తిని కూడా కవర్లో వేసి ఆయన భార్య చేతికిచ్చాం. ఆవిడ కాసేపు చూసి, "ఇవి మావి కావండి. మాకు బండి లేదు" అంది.

పదిన్నరకి నలభై ఏళ్ల మనిషి ఒకాయన ఎమర్జెన్సీ తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాడు, వెనక్కి వెళ్లడు. సెంట్రింగ్ మేస్త్రి. బండి బస్టాండు స్టాండులోనే ఉండిపోయింది, తాళాలు పేషెంటుతో ఇక్కడికి వచ్చేశాయి. అడగడానికి మూడు గంటలు ఆలోచించాడట. "పోలీసులు ఉంటారేమోనని భయమేసిందండి" అన్నాడు. తాళాలు చేతిలో పెట్టాక అడిగాడు: "డాక్టరుగారూ, నేను పెట్టిన ఇనుము పనిచేసిందాండి?"

ఆ ప్రశ్నే లేకపోతే ఈ కేసు మా రిజిస్టరులో 'బస్టాండులో పడిపోయిన పేషెంటు, షాక్ ఇచ్చారు, నాడి వచ్చింది' అన్న ఒక్క వరుసగా మిగిలిపోయేది. ఆ మేస్త్రి చెప్పినదాన్ని పట్టుకుని మిగతావాళ్లని వెతికాను. టీ కొట్టు ముందున్న సీసీ కెమెరా ఫుటేజీ చూశాను. దాంట్లో శబ్దం రాదు. మాటలు మనుషుల దగ్గర విన్నవి, సమయాలు ఫుటేజీలోవి, ఫోన్ కాల్ రికార్డులోవి.

ఆరున్నర నిమిషాలు

6:52కి ఆయన బెంచీ మీంచి లేచాడు. సంచీ భుజానికి వేసుకుని రెండడుగులు వేశాడు. చేతులు అడ్డం పెట్టుకోకుండా ముందుకు పడిపోయాడు. ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్లకి ఇదొక పెద్ద గుర్తు. కాలు జారినవాడు చేతులు చాస్తాడు. గుండె ఆగినవాడు కర్రలా పడిపోతాడు.

పదిహేను సెకన్లు గడవకముందే ముగ్గురు ఆయన దగ్గరికి చేరారు. మన జనం పట్టించుకోరని అంటుంటారు కదా, ఆ మాట ఇక్కడ నిజం కాలేదు. మొదటి నిమిషంలోనే ఫ్రేములో పదకొండు మంది ఉన్నారు. నాలుగో నిమిషానికి ఇరవై దాటారు.

పడగానే ఆయన చేతులు, కాళ్లు కొద్దిసేపు కొట్టుకున్నాయి. గుండె ఆగిన క్షణంలో మెదడుకి రక్తం అందక ఇలా జరుగుతుంది. చూసేవాళ్లకి అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. ఎవరో "ఫిట్స్! ఇనుం పెట్టండి" అని అరిచారు. మేస్త్రి చెయ్యి జేబులోకి పోయింది. గుత్తి తీసి పేషెంటు చేతిలో పెట్టాడు, వేళ్లు మూశాడు. వేళ్లు విడిపోయి గుత్తి కింద పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. మూడోసారి రింగు వేలికి తొడిగాడు. ఇదంతా ఫుటేజీలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు ఆ మనిషి. తనకి తెలిసిన సాయం అదొక్కటే, దాన్ని ఎంత శ్రద్ధగా చేయాలో అంత శ్రద్ధగా చేశాడు.

కొట్టుకోవడం ఆగింది. నిజంగా ఫిట్సే అయితే ఆగాక ఊపిరి మామూలుగా ఆడుతుంది. ఇక్కడ అలా ఆడలేదు. పది, పదిహేను సెకన్లకోసారి నోరు తెరిచి గురక లాంటి ఒక ఎగశ్వాస. ఆగిపోతున్న మెదడు కాండం చివరిగా చేసే ప్రయత్నం అది. దాంతో ఊపిరితిత్తులకి పనికొచ్చే గాలి వెళ్లదు. ఆ చప్పుడు విని "ఊపిరి తీస్తున్నాడు, పర్లేదు, తేరుకుంటాడు" అన్నారు. ఒకతను బాటిల్ మూత తీసి మొహం మీద చల్లాడు, తర్వాత నోట్లో పోశాడు. ఆ నీళ్లలో కొంత నేను గొట్టం వేసేటప్పుడు గొంతులోంచి తీశాను, కొంత కుడి ఊపిరితిత్తిలోకి పోయి నిమోనియా అయి వారం పాటు మమ్మల్ని తిప్పలు పెట్టింది.

మూడో నిమిషంలో వెనక వరసలోంచి ఒక మాట వచ్చింది: "పొద్దున్నే ఏసేసినట్టున్నాడు." ఎవరన్నారో తెలియదు. వంగి వాసన చూసినవాళ్లు ఎవరూ లేరు. రక్త పరీక్షలో ఆల్కహాలు లేదు, ఆయనకి అసలు ఆ అలవాటే లేదని భార్య చెప్పింది. కానీ ఆ మాట తర్వాత ఫుటేజీలో తేడా కనిపిస్తుంది. ముందు వరసలో వంగి ఉన్నవాళ్లు నిటారుగా లేచారు. ఇద్దరు సంచులు తీసుకుని బస్సు వైపు నడిచారు. నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆ నాలుగు ఫోన్లలో ఒక్కటి కూడా అప్పటిదాకా 108కి కలవలేదు.

6:57 దాటాక అరటిపళ్లు అమ్ముకునే పెద్దావిడ గుంపులోకి దూరింది. అరవై దాటిన మనిషి. ఆవిడ చేసిన మొదటి పని మొహం చూడడం. "నల్లబడిపోతన్నాడ్రా! ఇది తాగుడు కాదు, ఫిట్సూ కాదు" అంది. తర్వాత వేలు పెట్టి ఒక కుర్రాణ్ని చూపించింది: "ఎర్రచొక్కా అబ్బాయ్, నువ్వు. 108కి కొట్టు. ఇప్పుడే కొట్టు." కాల్ రికార్డులో సమయం 6:58. అది మొదటి కాల్. ఆ కుర్రాణ్ని నేను తర్వాత కలిశాను. "అంతమంది ఉన్నారు కదండీ, ఎవరో ఒకరు చేసే ఉంటారనుకున్నా" అన్నాడు. ఆ మాట చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అతన్ని తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టడం లేదు. ఇరవై మందీ అదే అనుకున్నారు.

గుంపు అంచున డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. కాలేజీలో జరిగిన శిబిరంలో బొమ్మ మీద సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కుతూ రక్తం ఆడించే పద్ధతి, నేర్చుకుంది. దాదాపు మూడు నిమిషాలు అక్కడే నిలబడింది. ఎందుకు ఆగిందో తనే చెప్పింది: "అందరూ మగవాళ్లే సార్. నేను వెళ్లి ఆయన గుండెల మీద చేతులు పెడితే ఏమంటారో అని. నేను చేసేది తప్పయితే, ఆయన పోతే నా మీదకి వస్తుందని." పెద్దావిడ చుట్టూ చూసి "ఎవరికైనా ఏమైనా తెలుసా?" అని అడిగితే ఆ అమ్మాయి చెయ్యి సగమే లేచింది. "తెలిస్తే రా అమ్మాయ్, నేనున్నాను" అని ఆవిడ చెయ్యి పట్టి లోపలికి లాగింది, మిగతావాళ్లని బుట్టతో వెనక్కి నెట్టింది.

6:58:40కి మొదటి నొక్కు పడింది. పడిపోయిన క్షణం నుంచి ఆరున్నర నిమిషాలు.

గుండె ఆగాక ఏ సాయమూ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన లెక్క. ఆరున్నర నిమిషాలంటే సుమారు సగం కరిగిపోయినట్టే.

ఆ అమ్మాయి రెండు నిమిషాలకి అలిసిపోయింది. ఛాతీ నొక్కడం చాలా కష్టమైన పని, చేసినవాళ్లకే తెలుస్తుంది. "ఎవరైనా రండి, నేను చెప్తాను" అని అరిచింది. మోకాళ్ల మీద కూర్చున్నది మేస్త్రి. రొమ్ము మధ్యలో అరచేతి మడమ ఎక్కడ పెట్టాలో ఆమె చూపించింది. ఎర్రచొక్కా కుర్రాడు ఫోను స్పీకరులో పెట్టి నేల మీద ఉంచాడు. అవతలి నుంచి చెబుతున్న లెక్కకి ఇద్దరూ మార్చి మార్చి నొక్కారు. 7:09కి అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. 7:11కి మొదటి షాకు, ఇంకో నాలుగు నిమిషాల్లో నాడి.

మేస్త్రికి ఈ సంగతే చెప్పాను. "మీ ఇనుము కాదండీ, మీ చేతులు పనిచేశాయి." ఆయనకి నా మాట వెంటనే అందలేదు. ఆ పది నిమిషాలు నొక్కింది, అంబులెన్స్ వచ్చేదాకా ఏదో చేస్తూ ఉండాలని చేసిన పనిగానే ఆయన అనుకున్నాడు. అసలు వైద్యం తాళాలేననీ, అవి పేషెంటుతో పాటే వెళ్లడం మంచిదయిందనీ ఆయన నమ్మకం.

వైద్యం సంగతి క్లుప్తంగా

ఈసీజీలో గుండె ముందు గోడకి పెద్ద గుండెపోటు కనిపించింది. యాంజియోగ్రామ్‌లో ఎడమవైపు ముందు భాగానికి వెళ్లే ప్రధాన రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు. నాలుగు రోజులు వెంటిలేటరు మీద ఉన్నాడు, జ్వరం రాకుండా కాపాడాం. రెండు పక్కటెముకలు విరిగాయి. సరైన లోతుకి నొక్కితే అవి విరగడం మామూలే, దానికి భయపడి నొక్కడం ఆపకూడదు. అయిదో రోజు కళ్లు తెరిచి భార్యని పేరు పెట్టి పిలిచాడు. పదిహేడో రోజు ఇంటికి వెళ్లాడు.

బతికాడు. అయితే కొత్త విషయాలు ఆయనకి గుర్తుండవు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తు రాదు. ముప్పై ఏళ్లు మిల్లు ఖాతాలు రాసిన మనిషి ఇప్పుడు కూడికలో తడబడతాడు. ఉద్యోగం మానేశాడు. ఎవరైనా రెండో నిమిషంలోనే నొక్కడం మొదలుపెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదని ఒట్టు వేసి చెప్పలేను. కానీ మెదడు దెబ్బతిన్నది ఆ నిమిషాల్లోనే అన్నది మాత్రం చెప్పగలను.

ఎందుకు ఆగారు

బిబ్ లటానే, జాన్ డార్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, అవతలి గదిలో ఒకరికి ఫిట్స్ వస్తున్నట్టు గొంతు వినిపించారు. ఆ గొంతు విన్నది తనొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోపే సాయానికి బయటికి వచ్చారు. తనతోపాటు ఇంకో నలుగురు వింటున్నారు అనుకున్నవాళ్లలో 31 శాతమే. మా ఎర్రచొక్కా కుర్రాడు అన్నదీ ఇదే. గుంపు పెరిగిన కొద్దీ ఒక్కొక్కరి భుజం మీద బరువు తగ్గుతుంది. అందుకే "ఎవరైనా ఫోన్ చేయండి" అన్న మాట పనిచేయదు. "ఎర్రచొక్కా అబ్బాయ్, నువ్వు" అన్నది పనిచేస్తుంది. అరటిపళ్లావిడకి ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. బజారులో ముప్పై ఏళ్లు మనుషుల్ని పిలిచి అమ్మిన అనుభవం నేర్పి ఉంటుంది.

ఇంకోటి, 'తాగాడు' అన్న మాట. న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో చేసి 1969లో ప్రచురించిన పరిశోధన ఉంది. చేతికర్ర పట్టుకున్న మనిషి రైల్లో పడిపోతే నూటికి 95 సార్లు ఎవరో ఒకరు తమంతట తామే లేచి సాయం చేశారు. అదే మనిషి మందు వాసనతో, సీసా పట్టుకుని పడితే సగం సార్లే. జర్మనీలో ఎస్సెన్ నగరంలో 2016 అక్టోబరులో ఒక బ్యాంకు ఏటీఎం గదిలో 83 ఏళ్ల వృద్ధుడు కుప్పకూలితే కొందరు ఆయన్ని దాటుకుని, డబ్బు పని చూసుకుని వెళ్లిపోయారు. ఆయన తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. ఇల్లు లేని మనిషెవరో నిద్రపోతున్నాడు అనుకున్నామన్నది వాళ్ల జవాబు. ఆ దేశంలో ఆపదలో ఉన్నవాణ్ని ఆదుకోకపోవడం నేరం. 2017లో కోర్టు ముగ్గురికి జరిమానా వేసింది.

అలాంటి చట్టం మనకీ ఉండాలా అని నన్ను అడుగుతుంటారు. ఈ కేసు చూశాక నాకు అది అంత ముఖ్యం అనిపించడం లేదు. ఇక్కడ ఎవరూ దాటుకుని పోలేదు, అందరూ పరిగెత్తుకొచ్చారు. శిక్ష భయం ఉండి ఉంటే మేస్త్రి ఇంకా త్వరగా తాళాలు తొడిగేవాడేమో. ఆయనకి కావలసింది ఏం చేయాలో తెలియడం.

నిజంగా తాగి పడిపోయినా సరే, ఆ మనిషినీ వదిలేయకూడదు. వెల్లకిలా పడి వాంతి చేసుకుంటే ఊపిరాడక పోతాడు. షుగరు బాగా పడిపోయిన మధుమేహ రోగి కూడా తూలుతాడు, మాట ముద్దగా వస్తుంది, చెమటతో తడిసిపోతాడు. అలాంటివాళ్లని తాగుబోతులనుకుని అరుగు మీద పడుకోబెట్టి వెళ్లిపోతే, మా దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చిన కేసులు ఉన్నాయి.

పోలీసు భయం

మేస్త్రి మా దగ్గరికి రావడానికి మూడు గంటలు ఆలోచించింది ఈ భయంతోనే. ఆ అమ్మాయి విషయంలో తప్పు మా వైపే జరిగింది. ఆమె అంబులెన్స్ వెనకాలే ఆటోలో వచ్చింది. మా గేటు దగ్గర సెక్యూరిటీ పేరు, ఫోన్ నంబరు, పేషెంటుకి ఏమవుతావో రాయమన్నాడు. "ఏమీ కాను" అంది. "అయితే ఎందుకొచ్చావ్?" అన్నాడు. భయపడి వెళ్లిపోయింది. ప్రాణం పోసిన మనిషికి మా గుమ్మంలో జరిగిన మర్యాద అది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చట్టం ఏం చెబుతుందో చాలామందికి తెలియదు. ఎమర్జెన్సీలో వచ్చిన మనిషికి ముందు వైద్యం, తర్వాతే మిగతావన్నీ అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితుల్ని ఆదుకునేవాళ్లకి రక్షణనిచ్చే మార్గదర్శకాలకి 2016 మార్చిలో అదే కోర్టు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను వచ్చింది, 2020లో నియమాలు వచ్చాయి. ఆ నియమాల ప్రకారం సాయం చేసినవాళ్లని పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు, ఆసుపత్రిలో ఆపకూడదు. ఇవి రోడ్డు ప్రమాదాలకి వర్తించేవి. గుండె ఆగి పడిపోయినవాళ్ల విషయంలో భారతీయ న్యాయ సంహితలోని 30వ సెక్షను ఉంది, పాత శిక్షాస్మృతిలో అది 92. సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పని వల్ల హాని జరిగినా, కొన్ని షరతులకి లోబడి, అది నేరం కాదు. మా గేటు దగ్గర ఇప్పుడు సాయంగా వచ్చినవాళ్లకి రిజిస్టరు ఇవ్వరు. కుర్చీ ఇస్తారు, మంచినీళ్లు ఇస్తారు.

మళ్లీ బస్టాండుకి

మూడు నెలల తర్వాత మేం రెండు బొమ్మలు తీసుకుని ఆ బస్టాండుకే వెళ్లాం. కండక్టర్లు, ఆటోవాళ్లు, కూలీలు, కొట్లవాళ్లు కలిసి నలభై మంది వచ్చారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి మనిషిని బతికించిన వీడియోని చాలామంది చూసి ఉన్నారు. చూడడం మంచిదే, కానీ చేతికి అలవాటు కావాలంటే బొమ్మ మీద నొక్కాల్సిందే. అయిదు సెంటీమీటర్ల లోతు అంటే ఎంతో వీడియోలో తెలియదు. మొదటిసారి నొక్కినవాళ్లందరూ సగం లోతే నొక్కారు.

నేను నేర్పింది తక్కువే. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఛాతీ చూడండి. మామూలుగా ఊపిరి ఆడకపోయినా, గురక లాంటి ఎగశ్వాస మాత్రమే ఉన్నా గుండె ఆగిందనే అనుకోండి. ఒక మనిషిని వేలు పెట్టి చూపించి 108కి చేయమనండి, స్పీకరు ఆన్ చేయించండి. రొమ్ము ఎముక కింది సగం మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్లకి తగ్గకుండా, ఆరు దాటకుండా నొక్కండి. ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. నేర్చుకోనివాళ్లు నోట్లో ఊదక్కర్లేదు. ఒకవేళ గుండె ఆడుతూనే ఉన్నా, నొక్కినందువల్ల పెద్ద హాని జరగడం చాలా అరుదు. ఆగిన గుండెని నొక్కకపోతే మాత్రం చావే.

ఫిట్స్ సంగతి కూడా చెప్పాను, ఎందుకంటే తాళాల ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫిట్స్‌కి ఇనుముతో, ఉల్లిపాయతో పని లేదు. పక్కనున్న వస్తువులు జరపండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టి ఊపిరి చూడండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108. "మా నాయన కాలం నుంచీ పెడుతున్నాం కదండీ" అన్నాడు ఒక పెద్దాయన. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో తమంతట తామే ఆగుతాయి, ఆగే సమయానికి చేతిలో ఇనుము ఉంటుంది కాబట్టి దానివల్లే ఆగిందని మనం అనుకుంటాం అని చెప్పాను. ఒప్పుకున్నాడో లేదో గానీ, బొమ్మ దగ్గరికి వచ్చి రెండుసార్లు నొక్కి చూశాడు.

అరటిపళ్లావిడ మోకాళ్లు వంచి కింద కూర్చోలేదు. ఆవిడ జనాన్ని జరిపే పని, పిలిచే పని తీసుకుంది. మేస్త్రి మా బొమ్మ దగ్గర అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. వచ్చినవాళ్లకి "ఇక్కడండి, ఇంకా లోపలికండి" అని తనే చేతులు సరిచేశాడు.

గుమస్తాగారు ఆరో నెల చెకప్‌కి వచ్చారు, భార్యతో. మేస్త్రి కూడా వచ్చాడు. ప్రతిసారీ వస్తాడు, ఆటోలో కూర్చోబెట్టి తీసుకొస్తాడు. లోపల వరసలో కూర్చున్నప్పుడు గుమస్తాగారు భార్య వైపు వంగి అడిగారు: "ఈయనెవరు?"

"మీ చేతిలో తాళాలు పెట్టినాయనండి" అంది ఆవిడ.

ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. మేస్త్రి కూడా లేచి, ఇప్పుడే మొదటిసారి కలిసినట్టు నమస్కారం పెట్టాడు.